శివరాత్రి దాటాక పెరటి పిట్టలు ఎందుకు తగ్గుతాయి? ఎండాకాలంలో వాటికి ఏం పెట్టాలి?

జడ్చర్ల నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. డిసెంబర్ నుంచి డాబా మీద రోజూ పిడికెడు నూకలు, సజ్జలు వేస్తున్నారు. సంక్రాంతి నాటికి ముప్పై నలభై పిట్టలు వాలేవి. శివరాత్రి దాటాక పది కూడా రావడం లేదు. తన వల్ల తప్పేమైనా జరిగిందా అని టెన్షన్. ఇంట్లో పెద్దవాళ్లేమో ఎండాకాలం గింజలు ఆపేయమంటున్నారు, అలవాటు పడితే పిట్టలు సొంతంగా వెతుక్కోవడం మర్చిపోతాయని. దీనికి తోడు ఒక నల్ల పిట్ట వారం రోజులుగా స్కూటీ అద్దాన్ని పొడుస్తోంది.

మీ వల్ల ఏ తప్పూ జరగలేదమ్మా. పిట్టలు తగ్గడం ఈ రోజుల్లో మామూలే. గింజలు ఆపొద్దు, సగానికి తగ్గించండి. నీళ్లు మాత్రం ఇవాళే పెట్టండి. మన పాలమూరు, నల్లగొండ వైపు పిట్టలకు గడ్డుకాలం చలికాలం కాదు, ఇప్పుడు మొదలవుతున్నదే. అద్దం సంగతి చివర్లో చెప్తాను, దానికి మందు చాలా సులువు.

నాది దేవరకొండలో విత్తనాల షాపు. ఇరవై మూడేళ్లుగా నడుపుతున్నాను. షాపు వెనకే ఇల్లు, ఇంటి వెనక పెరడు. అందులో ఒక వేప, ఒక సీమచింత, కరివేపాకు, రెండు మందార చెట్లు, బోరు దగ్గర నాలుగు అరటి పిలకలు. 2010 నుంచి పెరట్లో ఏ పిట్ట ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో పాత లెడ్జర్ పుస్తకంలో రాసుకుంటున్నాను. కింద చెప్పేవన్నీ ఎక్కువగా ఆ పుస్తకంలోంచి వచ్చినవే.

ముందు పిట్టలు ఎటు పోయాయో చెప్తాను.

చలికాలంలో పిచ్చుకలు, గువ్వలు, జీనువాయి పిట్టలు గుంపుగా తిరుగుతాయి. గుంపులో ఉంటే నలభై జతల కళ్లు గద్ద కోసం చూస్తుంటాయి, ఒక పిట్టకు గింజ దొరికితే అన్నీ వాలతాయి. అందుకే సంక్రాంతికి మీ డాబా నిండిపోయింది. మాఘం చివరికి పొద్దు పెరుగుతుంది, ఎండ కాస్త చురుక్కుమంటుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, దాంతో పాటే గుంపులూ విడిపోతాయి. జతలు కడతాయి, గూటికి చోటు వెతుక్కుంటాయి. గూడు చూసుకున్న పిచ్చుక మీ డాబా మీద అరగంట కూర్చోదు. పది గింజలు తిని పోతుంది, మళ్లీ ఎప్పుడో వస్తుంది. మీరు పొద్దున ఒక్కసారే చూస్తే ఆరు పిట్టలే కనిపిస్తాయి. రోజంతా కూర్చుంటే ఇరవై లెక్కకు వస్తాయి. నేను రెండు ఆదివారాలు అలా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని చూశాకే ఈ సంగతి నాకు అర్థమైంది.

రెండో కారణం, బయట తిండి బాగా దొరికే రోజులివి. జనవరి నుంచి మార్చి దాకా మా వైపు యాసంగి పల్లి పీకుతారు. తవ్విన మట్టిలో పురుగులు పైకి వస్తాయి, గోరింకలు, కొంగలు అటే పోతాయి. బూరుగు పూస్తుంది, ఆ వెనకే మోదుగ. ఆకు ఒక్కటి లేకుండా ఎర్రగా మండుతున్న మోదుగ చెట్టు కింద ఒక పావుగంట నిలబడి చూడండి. తేనెపిట్టలు, గోరింకలు, పిగిలిపిట్టలు, రామచిలుకలు, కాకులు, ఉడుతలు అన్నీ అక్కడే ఉంటాయి. అంత తేనె ఉన్నప్పుడు మీ సజ్జల మీదికి ఎందుకు వస్తాయి?

మూడోది, కొన్ని నిజంగానే ఊరు వదిలి వెళ్తాయి. చలికాలమంతా మీ ప్రహరీ మీద ఒంటరిగా కూర్చుని తోక వణికిస్తూ ఉండే చిన్న పిట్టను చూశారా? నల్లటి ఒళ్లు, ఇటుక రంగు తోక. నూనెబుడ్డిగాడు అంటారు దాన్ని. ఆడదైతే మట్టి రంగులో ఉంటుంది. అది హిమాలయాలకు, ఇంకా ఉత్తరాన ఉన్న చల్లటి దేశాలకు తిరిగి వెళ్తుంది. మా ప్రహరీ మీదికి ఏటా అక్టోబర్‌లో వస్తుంది, మార్చి మూడో వారం దాటి కనిపించిన సంవత్సరాలు నా పుస్తకంలో రెండే. గులాబీ రంగు ఒళ్లు, నల్ల తల ఉండే గోరింకలు కూడా అంతే. జొన్న చేల మీద మబ్బులాగా దిగి రైతు చేత కేకలు పెట్టించేవి అవే. మోదుగ తేనె తాగి, సీమచింత కాయలు తిని, ఏప్రిల్‌లో మధ్య ఆసియా వైపు, కజకిస్తాన్ మైదానాల దాకా ఎగిరిపోతాయి. మా సీమచింత మీద అవి చివరిసారి వాలిన రోజు నాకు ఎప్పుడూ కొంచెం దిగులుగా ఉంటుంది. ఆ సాయంత్రం చెట్టు మరీ నిశ్శబ్దంగా అనిపిస్తుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. పోయిందనుకున్న పిట్ట ఒక్కోసారి వేషం మార్చుకుని మీ ముందే తిరుగుతూ ఉంటుంది. తేనెపిట్ట మగది చలికాలంలో ఆడదానిలాగే ఉంటుంది. పైన మట్టి రంగు, కింద పాలిపోయిన పసుపు, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్ల గీత, అదొక్కటే తేడా. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ గీత పక్కల నుంచి మచ్చలు మచ్చలుగా నలుపు పాకుతుంది. చివరికి ఎండ పడితే ఊదా, నీలం మెరిసే నల్లపిట్ట అవుతుంది. మొదట్లో నేను వాటిని రెండు వేరే పిట్టలని రాసుకున్నాను. మూడేళ్లు గడిచాక ఒకే మందార కొమ్మ మీద సగం మారిన పిట్టను చూసి పాత పేజీలన్నీ దిద్దుకున్నాను. కోకిల కూడా ఉగాదికి ఎక్కడి నుంచో రాదు. చలికాలమంతా ఇక్కడే ఉంటుంది, నోరు మెదపదు, అంతే. కూసేది నల్లటి మగకోకిల. ఒంటి నిండా తెల్ల చుక్కలున్న మట్టి రంగు ఆడకోకిలను చాలామంది ఏదో డేగ పిల్ల అనుకుంటారు. ఊరి మధ్య రావి చెట్టులో దాగి కంసాలి సుత్తెతో కొట్టినట్టు టుక్ టుక్ మనే కంసాలిపిట్ట కూడా ఎండ ముదిరే కొద్దీ గొంతు పెంచుతుంది.

ఇప్పుడు తిండి సంగతి.

పెద్దవాళ్లు చెప్పిన అలవాటు భయం మంచి మనసుతో అన్నదే, కానీ నేను చూసినంతలో అలా జరగదు. ఒకసారి మా చెల్లెలి కూతురి పెళ్లికి పదకొండు రోజులు ఇల్లు తాళం వేసి వెళ్లాం. వచ్చేసరికి గింజల పళ్లెం ఎండిపోయి ఉంది, పిట్టలు లేవు. గింజ వేసిన రెండో రోజుకే వచ్చేశాయి, బాగానే ఉన్నాయి. మన పళ్లెం వాటికి దారిలో ఉండే హోటల్ లాంటిది. తిండి మొత్తానికి దాని మీదే ఆధారపడవు. అయితే ఎండాకాలం మధ్యలో, ఏప్రిల్, మే నెలల్లో, హఠాత్తుగా మానేయకండి. ముఖ్యంగా నీళ్లు. ఊరికి వెళ్తే పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లండి.

గింజలు సగానికి తగ్గించమన్నది ఎందుకంటే, తినగా మిగిలినది రాత్రికి ఎలుకలకు పోతుంది. ఎలుకల వెనక పాము వస్తుంది. మా పెరట్లో ఒకసారి వచ్చింది కూడా. గంటలో అయిపోయేంత మాత్రమే వేసి, మిగిలింది ఊడ్చేయండి. సజ్జలు, కొర్రలు పిచ్చుకలకూ జీనువాయిలకూ. జొన్నలు, మక్క నూక గువ్వలకు. బియ్యం నూకలు అందరికీ. పచ్చి బియ్యం తింటే పిట్ట పొట్ట ఉబ్బుతుందనే మాట నిజం కాదు, మన ఊళ్లలో పిచ్చుకలు వందల ఏళ్లుగా వడ్లూ బియ్యమూ తిని బతికాయి. ఉప్పు వేసిన అన్నం, మిక్చర్, బిస్కెట్లు, బ్రెడ్డు, పాలు వద్దు. ఉప్పు లేని అన్నం కొద్దిగా పెట్టొచ్చు కానీ మార్చి నుంచి పొద్దున పదిలోపే తీసేయండి, ఎండకు పులిసిపోతుంది. పిగిలిపిట్టలకు, గోరింకలకు సగం కోసిన బొప్పాయి, మచ్చ పడిన అరటిపండు, జామ. ఒక మేకుకు గుచ్చి పెడితే చీమలు కాస్త ఆలస్యంగా పడతాయి.

తేనెపిట్టకు చక్కెర నీళ్లు పెట్టాలా అని చాలామంది అడుగుతారు. నేను పెట్టను. ఎండకు రెండు గంటల్లో పులుస్తుంది, చీమలు మునిగి చస్తాయి. ఒక మందార, ఒక నూరువరహాలు మొక్క కుండీలో వేస్తే అదే చాలు.

పాత పద్ధతి ఒకటి చెప్తాను. కోత కాగానే మన ఇళ్లల్లో వరి కంకులను జడలాగా అల్లి చూరుకు కట్టేవారు. గుడి మండపాల్లోనూ వేలాడదీసేవారు. నేను ఇప్పటికీ ఏటా డిండి వైపు నుంచి వచ్చే రైతుల దగ్గర నాలుగు కుచ్చులు అల్లించుకుంటాను. పిచ్చుక ఆ కంకికి వేలాడుతూ గింజ ఒలుచుకుని తింటుంది, బరువైన పావురం వేలాడలేదు. పావురాల బెడద ఉన్న కాలనీల్లో ఇంతకంటే మంచి ఉపాయం లేదు. పావురాలకు డాబాల మీద బస్తాలకు బస్తాలు గింజలు పోయడం నాకు నచ్చదు. అవి చూరులు, సందులు ఆక్రమించి పిచ్చుకలకు చోటు లేకుండా చేస్తాయి. వాటి రెట్టల పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఇక నేను చేసిన ఒక పెద్ద తప్పు చెప్పాలి. ఇది చదివే రైతుల కోసం, నాలాగా షాపు నడిపేవాళ్ల కోసం. 2013 ఫిబ్రవరిలో గోదాం ఖాళీ చేస్తూ, చిరిగిన సంచుల్లోంచి రాలిన జొన్న విత్తనాన్ని ఊడ్చి పెరటి మూలన పోయించాను. రంగు పూసిన విత్తనం అది. పురుగుమందు, తెగులు మందు పట్టించి ఎరుపు, గులాబీ, నీలం రంగులు వేసేదే మనుషులూ పశువులూ తినకూడదని తెలియడానికి. రోజూ రైతులకు ఆ మాట చెప్పే నేను పిట్టల గురించి ఆలోచించలేదు. మూడో రోజు పొద్దున వేప కింద ఐదు గువ్వలు పడి ఉన్నాయి. ఒకటి ఇంకా రెక్క కొట్టుకుంటోంది. చేతిలోకి తీసుకున్నాను, కాసేపటికే పోయింది. మందు పట్టించిన విత్తనం ఒక్క గింజ కూడా బయట పారేయకండి. కడిగినా పోదు. పల్లి విత్తనానికి పట్టించే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు గింజ తినే పిట్టలకు కొద్దిగా తగిలినా ప్రమాదమే. మిగిలింది విత్తుకోండి, లేదా బావికీ చెరువుకూ దూరంగా లోతుగా గుంత తీసి పూడ్చండి. పిట్టల కోసం కొనేటప్పుడు కిరాణా షాపులో తినే గింజలే కొనండి, విత్తనాల షాపులో కాదు. ఈ మాట విత్తనాలు అమ్మేవాడినే చెప్తున్నాను.

ఇప్పుడు నీళ్లు. నా ఉద్దేశంలో ఈ సమాధానంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

మా షాపులో తేమ చూసే మీటర్ ఉంటుంది. జొన్న విత్తనంలో తేమ 12 శాతం, పల్లిలో 9 శాతం దాటకూడదని లెక్క. అంటే గింజ తినే పిట్టకు తిండిలోంచి దొరికే నీళ్లు దాదాపు ఏమీ లేవు. బొప్పాయి తినే పిగిలిపిట్టకు పండులోనే నీళ్లున్నాయి, తేనెపిట్టకు తేనెలో ఉన్నాయి, పురుగులు తినే పిట్టకు పురుగులో ఉన్నాయి. పిచ్చుకకు, గువ్వకు, జీనువాయికి మాత్రం నీళ్లు విడిగా తాగక తప్పదు. పైగా పిట్టలకు చెమట పట్టదు. ఎండ ముదిరితే ముక్కు తెరిచి రొప్పుతూ ఒంట్లో నీటిని ఆవిరి చేసి చల్లబడతాయి. నల్లగొండ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయని మనందరికీ తెలుసు. కుంటలు ఎండిపోయి, ఊళ్లో నల్లాలు మూత పడిన రోజుల్లో గింజలు మాత్రం వేసి నీళ్లు పెట్టకపోతే, ఉప్పు బిస్కెట్లు పెట్టి మంచినీళ్లు ఇవ్వనట్టే.

పాత్ర విషయంలో నేను చాలా రకాలు మార్చి చూశాను. స్టీలు గిన్నె పదకొండింటికే కాలిపోతుంది. ప్లాస్టిక్ డబ్బా జారుడుగా ఉంటుంది, పిట్ట నిలబడలేదు. రేకుల మీద పెట్టిన ఏ పాత్రనూ పిట్టలు ముట్టలేదు, రేకు వేడికి కాళ్లు కాలతాయి. చివరికి నిలిచింది మట్టి మూకుడు. మన వైపు కంచుడు అంటాం. అంచు వాలుగా, గరుకుగా ఉంటుంది, నీళ్లు చల్లగా ఉంటాయి. రెండు వేళ్ల లోతు మించి నీళ్లు పోయకండి, మధ్యలో ఒక రాయి పెట్టండి. లోతైన బకెట్లలో, తొట్టెల్లో పిట్ట పిల్లలు మునిగి చనిపోతాయి. తొట్టె తప్పనిసరి అయితే ఒక కర్రముక్క ఏటవాలుగా వేసి ఉంచండి.

మూడు చోట్ల మూడు మూకుళ్లు పెట్టగలిగితే మంచిది. ఒకటి నేల మీద, గువ్వలకు, ఆరేడు కలిసి అరుస్తూ తిరిగే బూడిద రంగు పిట్టల గుంపుకు. ఒకటి పిట్టగోడ మీద, పిచ్చుకలకు, గోరింకలకు. ఒకటి చెట్టు కొమ్మకు వేలాడదీసి, పిగిలిపిట్టలకు. మూడూ నీడలో ఉండాలి. నేల మీది దానికి చుట్టూ ఆరేడు అడుగులు ఖాళీ ఉండాలి, పొద దగ్గర పెడితే పిల్లి పొంచి కూర్చుంటుంది. నేను పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి నీళ్లు మారుస్తాను. రెండింటిది మానకండి, అప్పుడే అవి ఎక్కువ వస్తాయి. రెండు రోజులకోసారి కొబ్బరి పీచుతో రుద్ది ఎండబెట్టండి, సబ్బు వద్దు. రెట్ట పడిన నీళ్లు తాగితే ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుతుంది. రోజూ మారిస్తే దోమలు కూడా పుట్టవు, ఇంట్లోవాళ్ల డెంగ్యూ భయం తీరుతుంది.

తాగడంలో ఒక వింత చూడండి. పిచ్చుక నీళ్లు ముక్కుతో తీసుకుని తల పైకెత్తి మింగుతుంది. గువ్వ మాత్రం తల ఎత్తకుండా ముక్కు ముంచి పశువులాగా పీల్చుకుని తాగుతుంది. గువ్వలు పిల్లలకు పెట్టేది గొంతులో తయారయ్యే పెరుగు లాంటి పదార్థం. దానికీ నీళ్లే కావాలి. అందుకే గూట్లో పిల్లలున్న గువ్వలు మూకుడు దగ్గరికి పదే పదే వస్తాయి.

ఎండ దెబ్బకు పడిపోయిన పిట్ట దొరికితే నోట్లో నీళ్లు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే చచ్చిపోతుంది. గాలి ఆడే అట్టపెట్టెలో పాత గుడ్డ వేసి, చీకటిగా, చల్లగా ఉన్న చోట గంటసేపు వదిలేయండి. పక్కన మూతలో నీళ్లు పెట్టండి, అదే తాగుతుంది. కోలుకుంటే ఎగిరిపోతుంది.

గూళ్ల కాలం కాబట్టి దాని గురించీ నాలుగు మాటలు. పిచ్చుకల పెట్టె కట్టాలంటే ఇప్పుడే కట్టాలి. రంధ్రం ఒకటింబావు అంగుళం ఉంటే చాలు, పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. రంధ్రం కింద పుల్ల బిగించకండి, దాని మీద కాకి నిలబడి పిల్లలను లాగుతుంది. ఎనిమిది అడుగుల పైన, పడమటి ఎండ తగలని గోడకు కట్టండి. నేను మొదటి పెట్టె షాపు ముందు పడమటి గోడకు కట్టాను. ఏప్రిల్‌లో పిల్లలు వేడి తట్టుకోలేక రెక్కలు రాకముందే బయటికి దూకాయి, మూడింటిలో ఒకటి కూడా దక్కలేదు. మరుసటి ఏడు అదే పెట్టెను ఉత్తరం వైపు వరండాలోకి మార్చాను, అప్పటి నుంచి ఖాళీగా ఉన్న ఏడాది లేదు. ఆ వరండాలో ఫ్యాన్ ఉంటే గూడు కట్టిన రోజుల్లో ఆపేయండి, లేదా జాలీ ఉన్నది పెట్టించండి.

పిచ్చుక తినేది గింజలే అయినా, పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టేది మెత్తటి పురుగులు. మీ కుండీల్లో వంగ మొక్కకు పురుగు పట్టిందని మందు కొట్టేస్తే, పైన పెట్టెలో ఉన్న పిల్లల తిండి పోయినట్టే. మందులు అమ్మేవాడిని కాబట్టి గట్టిగా చెప్పగలను, పెరటి మొక్కలకు వేపనూనె చాలు, అది కూడా పురుగు ఎక్కువైతేనే. తేనెపిట్ట అయితే గూటిని సాలెగూడు దారంతో అల్లుకుంటుంది. ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు బయటి చూరు మూలల్లో రెండు సాలెగూళ్లు వదిలేయండి. మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు. కరివేపాకు కొమ్మకు వేలాడే సంచి గూట్లోంచి తేనెపిట్ట తల బయట పెట్టి చూసిన రోజు నుంచి చీపురు ఆ మూలకు పోలేదు.

ఇంకో పని ఈ వారమే చేయండి. సంక్రాంతి గాలిపటాల దారం చెట్లకు, వైర్లకు ఇంకా వేలాడుతూ ఉంటుంది. గూళ్లకు పుల్లలు ఏరుకునే పిట్టలు దాన్ని కూడా పట్టుకుపోతాయి, పిల్లల కాళ్లకు చుట్టుకుంటుంది. చైనా మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించినా ఇంకా కనిపిస్తూనే ఉంది. ఒక వెదురు కర్రకు కొక్కెం కట్టి మీ వీధి చెట్ల నుంచి లాగి, ముక్కలుగా కత్తిరించి పారేయండి.

కింద పడిన పిల్ల సంగతి: ఒంటి మీద ఈకలు లేకపోతే గూట్లో తిరిగి పెట్టండి, మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది అబద్ధం. ఈకలు వచ్చి గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గర్లోనే ఉంది. పిల్లిని ఆపండి, దాన్ని వదిలేయండి. రామచిలుక పిల్ల దొరికిందని పంజరంలో పెట్టుకోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. అటవీశాఖ వాళ్లకు అప్పగించండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, టైమ్, పిట్ట, ఎన్ని, ఏం చేస్తోంది, అంతే. మన నేల మీద పిట్టల లెక్క రాయడం కొత్తేమీ కాదు. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల సర్వే చేశారు, మన నల్లమలలో ఫర్హాబాద్, మన్ననూరు దాకా వచ్చారు. ఇప్పుడైతే అంత తిరగక్కర్లేదు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది, మన దేశంలో 2013 నుంచి నడుస్తోంది. డాబా మీద పదిహేను నిమిషాలు కూర్చుని చూసినవి ఈబర్డ్ యాప్‌లో రాస్తే సరిపోతుంది. వచ్చే ఫిబ్రవరికి మీ దగ్గర ఏడాది లెక్క ఉంటే, శివరాత్రికి ముందు ఎన్ని, తర్వాత ఎన్ని అన్నది మీరే ఇంకొకరికి చెప్పగలరు.

ఇక స్కూటీ అద్దం. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది మగ నల్లంచి అయి ఉండాలి. గూటి కాలంలో ప్రతి మగ పిట్టా కొంత జాగా తనదని గీత గీసుకుంటుంది. అద్దంలో కనిపించేది ఇంకో మగ పిట్ట అనుకుని తరమాలని చూస్తోంది. ఎంత పొడిచినా ఆ శత్రువు పోడు, తిండి మానేసి మరీ కొట్లాడుతుంది, ముక్కుకు గాయం కూడా అవుతుంది. దాన్ని తరమకండి. బండి ఆపగానే రెండు అద్దాలకూ పాత సాక్సులు తొడగండి. కిటికీ అద్దాన్ని పొడిస్తే బయటి వైపు పాత పేపరు అతికించండి. జత కట్టి గూడు పెట్టేశాక, మూడు నాలుగు వారాల్లో, తనంతట తనే మానేస్తుంది. దగ్గర్లోనే ఎక్కడో, గోడ కన్నంలోనో పాత కుండీలోనో, దాని గూడు ఉండొచ్చు, ఆ చుట్టుపక్కల వస్తువులు జరిపేటప్పుడు చూసుకోండి. రేపు అది వచ్చినప్పుడు రెక్క మీద తెల్ల మచ్చ, తోక కింద ఇటుక రంగు ఉన్నాయా గమనించి ఇక్కడ రాయండి. ఉంటే నల్లంచే. పొట్ట మొత్తం తెల్లగా ఉంటే అది పెద్ద నల్లంచి, పొద్దున నాలుగున్నరకే పాట మొదలుపెడుతుంది. ఆ టైమ్‌కు మెలకువ వస్తే కిటికీ తెరిచి వినండి.